నలభై తొమ్మిదో గడి

కిందటి వారం కథ ఆగేసరికి నేను స్టోరు రూములో ఉన్నాను. చేతిలో రెండు ఎండిన మట్టిముద్దలు, జుట్టు నిండా బూజు. ఆ రెండు ముద్దల్నీ పక్కపక్కన పెడితే విరిగిన బిస్కెట్టు ముక్కల్లా అతుక్కున్నాయి. ఒకదాంట్లో సగం గవ్వపెంకు, రెండోదాంట్లో మిగతా సగం. అంటే అవి రెండు చోట్ల తీసిన మట్టి కాదు. ఎవరో ఒకే ముద్దని రెండు చేశారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి కాస్త వెనక కథ. మా ఊళ్ళో మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక విషం నిండిన గుంట. గుంటకి దిగువన పల్లపు వీధి, ఆ వీధిలో ఇంటికో బావి. గుంటలో ఊట బావుల్లోకి రాకుండా నాలుగేళ్ళ కిందట మా కంపెనీ భూమిలోపల మూడు వందల మీటర్ల గోడ కట్టింది. గోడంటే ఇటుకల గోడ కాదు. సన్నటి కందకం తవ్వుతూ, ఒడ్లు కూలకుండా దాన్నిండా బెంటొనైట్ మట్టి కలిపిన నీళ్ళు పోస్తారు. సైటులో దాన్ని జావ అంటాం, అచ్చం అలాగే ఉంటుంది. అడుగున బంకమట్టి పొర తగిలాక, తవ్విన మట్టినే ఆ జావతో పిసికి కందకం పూడ్చేస్తారు. ఇక నీటిబొట్టు కూడా దాటదు. ఒకటే షరతు: గోడ కాళ్ళు బంకలో దిగాలి. దిగకపోతే గోడ ఎంత గట్టిదైనా నీళ్ళు దాని కాళ్ళ కింద నుంచి నడిచి వెళ్ళిపోతాయి.

వెళ్ళిపోయాయి. ఈ వేసవిలో పల్లపు వీధిలో మా మేనత్త బావి వాసన వేసింది. అత్త కాళ్ళు వాచాయి. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని. పది రోజుల కిందట నేనే దగ్గరుండి గోడ పక్కన బోరు వేయించాను. నలభై తొమ్మిదో గుర్తు దగ్గర గోడ పదహారు మీటర్లకే ఆగిపోయింది. దాని కింద రెండు మీటర్ల ఇసుక. బంక ఆ ఇసుక కింద ఉంది.

కారణం, కారకుడు రాసి సోమవారం పదింటికి రిపోర్టు ఇవ్వాలి. మా పెద్దసారు నాకు శ్రమ లేకుండా కారకుణ్ణి కూడా ఆయనే సూచించారు. "ఆపరేటరు అంచనా పొరపాటు అని రాసెయ్యమ్మా. రిటైరైన మనిషి, ఆయనకి పోయేదేముంది?"

ఆ ఆపరేటరు మా నాన్న.

ఆదివారం మధ్యాహ్నం నేను పెట్టె మోసుకుంటూ ఇంటికి వెళ్ళేసరికి నాన్న వంటింట్లో కుళాయి విప్పుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు పొడుగు చేతి పొక్లెయిన్ నడిపిన మనిషి. సైటంతా ఆయన్ని 'పొడుగుచెయ్యి' అనే పిలిచేది. అడుగున ఏముందో బకెట్ పళ్ళ అదురు బట్టి చెప్పేవాడు. ఇప్పుడు ఆ చేతులకి దొరికింది రూపాయి బిళ్ళంత వాషరు.

"అమ్మేది?" అన్నాను.

"అత్తయ్య దగ్గరికెళ్ళింది, మంచినీళ్ళ డబ్బాలు పట్టుకుని. నువ్వేంటి, ఆదివారం పూట పెట్టెలు మోస్తున్నావు? ప్రమోషనా?"

"ఆ. హమాలీగా."

నవ్వాడు. పెట్టె బల్ల మీద పెట్టగానే నవ్వు ఆగిపోయింది. దాన్ని ఆయన గుర్తుపట్టకపోతేనే వింత. రెండు అరల చెక్కపెట్టె. పై అరలో యాభై గళ్ళు, కింది అరలో యాభై. గోడ పొడుగునా మూడు మీటర్లకొక గడి. కందకం అడుగున బంక తగిలినప్పుడల్లా ఆపరేటరు బకెట్ పళ్ళలోంచి పిడికెడు మట్టి తీసి, ముద్ద చేసి, బొటనవేలితో నొక్కి ఆ నంబరు గడిలో పెడతాడు. అదే ఆయన సంతకం, అదే సాక్ష్యం. నాన్న ముద్ర ఎక్కడున్నా ఇట్టే తెలుస్తుంది. ఎప్పుడో గొలుసులో పడి కుడి బొటనవేలి కొస తెగిపోయింది. అందుకే ఆ ముద్ర మొండిగా, పొట్టిగా, తలుపు గొళ్ళెం గుంటలా ఉంటుంది.

నలభై ఎనిమిదీ నలభై తొమ్మిదీ తీసి పేపరు మీద జంటగా పెట్టాను. అతుకు కనిపించేలా.

"ఏంటిది?"

"నువ్వే చెప్పు నాన్నా. బంక తగల్లేదు. తగిలినట్టు పక్క ముద్దలో సగం తెంపి పెట్టారు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళంతా పొడుగుచెయ్యి పొడుగుచెయ్యి అంటుంటే నేను మురిసిపోయాను. చెయ్యి పొడుగే, మరి నిజం దగ్గర అంత పొట్టయిపోయిందేం?"

ఈ డైలాగు బస్సులో తయారు చేసుకున్నాను. అక్కడ బాగానే అనిపించింది.

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నిదానంగా, ఒక్కో వేలూ. "రిపోర్టులో రాసేశావా?"

"రాస్తాను. నిన్ను అడక్కుండా రాయకూడదని వచ్చాను."

"పెద్ద మర్యాదే. ఉరేసే ముందు అడుగుతారు చూడు, ఆఖరి కోరికేంటని, అలాగ."

"అత్త కాళ్ళు చూశావా నువ్వు? వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. ఆవిడ నీ చెల్లెలు నాన్నా. పరాయిది కాదు."

"నాకు చెప్తున్నావా? దాన్ని ఎత్తుకుని తిప్పింది నేను."

"ఎత్తుకుని తిప్పి, ఆవిడ బావిలో విషం దింపావు."

అనేశాను. కుళాయి లేని గొట్టంలోంచి ఒక చుక్క జారి సింకులో టప్పున పడింది. మా ఇంట్లో ఇంత మాట ఎవరూ ఎవర్నీ అన్న గుర్తు లేదు. మేం చేసే పోట్లాటలన్నీ రిమోటు కోసమే.

నాన్న అరవలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇంజనీరమ్మా," అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు గర్వంగా అలా పిలిచాడు. ఆ తర్వాత మళ్ళీ ఇప్పుడే. "ముద్దల అతుకు చూశావు. బాగుంది. ముద్ర చూశావా?"

చూడలేదు. అతుకు దొరికిన సంబరంలో మిగతావేవీ కంటికి ఆనలేదు. నలభై తొమ్మిదిని తిప్పి కిటికీ వెలుతురులో పెట్టాను.

ముద్ర పొట్టిగా లేదు. సన్నగా, నిండుగా ఉంది. కొస తెగని బొటనవేలు.

ఒక్క క్షణం గుండెలోంచి బండ దిగినట్టయింది. "ఇది నువ్వు పెట్టింది కాదు!"

"కాదు."

"మరి ఇక్కడ నువ్వేం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు. ఖాళీగా వదిలాను."

ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో రాస్తే నన్ను నేను వెనకేసుకొస్తానేమోనని భయం.

"ఆ రోజు పదహారు మీటర్ల దగ్గర పళ్ళు గట్టిదానికి తగిలాయి. బంక కాదది. బంకకి తగిలితే బకెట్ మూతి కరుచుకుంటుంది, లాగితే చప్పరించినట్టు వదుల్తుంది. ఇది గీరుకుంది. రేకు మీద మేకు గీసినట్టు. పైన గట్టి పెంకు, కింద ఇసుక ఉంటుందని నాకు తెలుసు, ఇలాంటివి ఇంకో రెండు ఊళ్ళలో చూశాను. సాయంత్రం అయిపోయింది. మర్నాడు మీ అమ్మకి కంటి ఆపరేషను, రెండు రోజులు సెలవు పెట్టాను. గడి ఖాళీగా వదిలి వెళ్ళిపోయాను. గడి ఖాళీగా ఉంటే పూడ్చకూడదు. అది సైటు రూలు."

"ఎవరికీ చెప్పలేదా?"

"నోటితో చెప్పాలా? ఖాళీ గడి కంటే గట్టిగా ఇంకేం చెప్తుందే? నా సర్వీసు మొత్తంలో ఖాళీ గడిని నింపిన మనిషిని నేను చూడలేదు. రెండ్రోజుల తర్వాత వచ్చి చూస్తే గడి నిండి ఉంది. ఇన్‌స్పెక్టరు టిక్కు పెట్టి వెళ్ళాడు. కందకం పూడ్చేశారు. గోడ ముందుకెళ్ళిపోయింది."

"ఎవడు నాన్నా ఆ వెధవ?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎవడో చెప్పు. వాడి పేరే రాస్తాను. బోల్డు అక్షరాల్లో రాస్తాను."

నాన్న నా వైపు చూసిన చూపు ఎలాంటిదంటే, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి లేచి 'దెబ్బ తగల్లేదు' అంటే, నా మోకాలి మీద రక్తం నాకంటే ముందు తను చూసినప్పటి చూపు.

"కుడి చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వమన్నానా."

నా బొటనవేలు పట్టుకుని ముద్ద మీద గుంటలో పెట్టాడు. మట్టి ఎండి బిగిసింది కాబట్టి వేలు పూర్తిగా దిగలేదు. కానీ గుంట అడుగున అడ్డంగా ఒక గట్టు ఉంది, దారం పోగంత. నా బొటనవేలి మీద అడ్డంగా ఒక గాడి ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు పాలడబ్బా మూతతో కోసుకున్నది. కుట్లు వేయించడానికి నన్ను ఎత్తుకుని పరిగెత్తింది ఈ మనిషే.

గట్టు వెళ్ళి గాడిలో కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళూ గుర్తురానిది, గుర్తుపెట్టుకోవడానికి అందులో ఏముందని? ట్రైనీగా నా మొదటి నెల. పై అర లేబుళ్ళు నా పని. పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. యాభై గళ్ళలో నలభై తొమ్మిది నిండి ఉన్నాయి, ఒక్కటి ఖాళీ. ముద్ద ఎక్కడో జారిపడి ఉంటుందనుకున్నాను. బల్ల కింద వెతికాను కూడా. దొరకలేదు. నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు, ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. అప్లికేషన్లో 'వర్తించదు' అని రాయడానికి కూడా గడి దాటనిదాన్ని. ఇంట్లో నా పేరే గళ్ళపిచ్చిది. పక్క ముద్ద పెద్దదిగా, ఇంకా పచ్చిగా ఉంది. రెండు చేతులా పట్టుకుని రెండుగా విరిచాను. అన్నిటికీ ముద్ర ఉంది కదా అని దీనికీ నొక్కాను. ముచ్చటగా నొక్కాను. లేబులు నిటారుగా అంటించాను. అరంతా నిండుగా కనిపించేసరికి ఒక ఫోటో కూడా తీసుకున్నాను.

కాలేజీలో నాలుగేళ్ళు జావ చిక్కదనం కొలవడం నేర్పారు, గరాటులోంచి ఎన్ని సెకన్లలో కారుతుందో లెక్కపెట్టించారు. ఖాళీ గడికి అర్థం ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. అడిగితే నాన్నే చెప్పేవాడు. అడగలేదు. ఇంజనీరు వెళ్ళి ఆపరేటర్ని అడుగుతుందా?

"నీకు అప్పుడే తెలుసు," అన్నాను.

"చూడగానే తెలిసింది. ఆ వేలికి కుట్లు పడేటప్పుడు పట్టుకుని కూర్చుంది నేనేగా."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే? ముద్ద సృష్టించిన పిల్లని ఏ సైటు రానిస్తుంది? మొదటి నెల నీకు. అప్పుడే కొత్త హెల్మెట్టు పెట్టుకుని అద్దం ముందు తిరుగుతున్నావు." వాషరు తీసి చూపుడువేలికి తొడుక్కుని తిప్పాడు. "రెండు మీటర్ల ఇసుక, మూడు మీటర్ల వెడల్పు. సన్నటి కంత. ఊట అటు రాదేమోలే అనుకున్నాను. అనుకున్నాను అంతే."

"అత్త ఆ నీళ్ళు తాగింది."

"నేనూ తాగాను."

ఆదివారాలు. ఈ నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం నాన్న పల్లపు వీధికి వెళ్ళి, అత్త ఇంట్లో కూర్చుని, బావిలోంచి తనే తోడుకుని రెండు గ్లాసుల నీళ్ళు తాగి వచ్చేవాడు. చెల్లెలంటే ఎంత ప్రేమో అని అమ్మ దెప్పేది. టీ ఇస్తే వద్దని నీళ్ళడిగే చుట్టం మా అన్నయ్యొక్కడే అని అత్త నవ్వేది. ఆయన రుచి చూస్తున్నాడు. గోడ కింద నుంచి నా తప్పు ఎప్పుడు వస్తుందా అని నాలుకతో కాపలా కాస్తున్నాడు.

"మూడు నెలల కిందట కొంచెం వగరు తగిలింది," అన్నాడు. "అప్పుడైనా చెప్పాల్సింది. నాలుక ముసలిదైపోయిందనుకున్నాను. మనకి కావలసిందే అనుకుంటాం కదే."

తిట్టాలనిపించింది. కాళ్ళ మీద పడాలనిపించింది. రెండూ చెయ్యకుండా లాప్‌టాప్ తెరిచాను. రిపోర్టులో ఒకే ఒక్క గడి ఖాళీగా ఉంది: 'బాధ్యులు'. జీవితంలో మొదటిసారి, ఒక గడి నింపడానికి నా చెయ్యి లేవలేదు.

"నా పేరు రాయి," అన్నాడు నాన్న. "వాళ్ళకీ అదే కావాలి. నాకు పోయేదేముంది?"

"పెద్దసారు కూడా అచ్చం ఇదే మాటన్నారు. కూడబలుక్కున్నారా ఏంటి ఇద్దరూ?"

ఊరికే అన్నాను. నాన్న మొహం తిప్పుకున్నాడు. అది నేను గమనించాను, కానీ పట్టించుకోలేదు. గమనించినవన్నీ పట్టించుకునే తెలివుంటే నా కథ సీరియల్ అయ్యేది కాదు.

నా పేరు టైపు చేశాను. ఇంటిపేరుతో సహా. కింద, 'ట్రైనీగా ఉండగా, నమూనా నేనే తయారుచేసి పెట్టాను' అని రాశాను. ఒక వాక్యం. ఉద్యోగం, లైసెన్సు, రేపటి నుంచి అత్త మొహం చూడ్డం, అన్నీ ఆ ఒక్క వాక్యంలో సరిపోయాయి.

నాన్న తెర మీదకి వంగి, కూడబలుక్కుంటూ చదివాడు. చదివి, "ఊ," అన్నాడు. తర్వాత, "ఒక్కటి నయం. కంత ఒక్కటే."

"ఒక్కటే అంటే?"

"ఆ రోజు నేను వదిలింది రెండు ఖాళీలు. నలభై తొమ్మిది ఒకటి. యాభైకి బంక బాగానే తగిలింది. యాభై ఒకటికి మళ్ళీ అదే పెంకు. కానీ దాన్ని మళ్ళీ తవ్వారులే. వేరే ఆపరేటరు చేత పద్దెనిమిదిన్నర దాకా దింపించారు. కింది అరలో ఉంటుంది ముద్ద, చూడు. నీలంగా, జిగురుగా ఉండి ఉంటుంది."

"మళ్ళీ తవ్వారని నీకెవరు చెప్పారు?"

"చెప్పారు."

"ఎవరు నాన్నా?"

లేచి సింకు దగ్గరికి వెళ్ళాడు. వాషరు బిగించడం అంత అర్జెంటు పనని నాకు తెలీదు.

కింది అర నేను ఎప్పుడూ తెరవలేదు. ట్రైనీగా నా పని పై అర వరకే. స్టోరు రూములో నిన్న అతుకు దొరకగానే మూత పెట్టేసి వచ్చేశాను. ఇప్పుడు పై అర ఎత్తి పక్కన పెట్టాను. మొదటి వరస, మొదటి గడి. యాభై ఒకటి.

నిండే ఉంది.

పక్క ముద్దలన్నీ నీలిబూడిద రంగు. ఇది పసుపు. పక్కవాటి మీదంతా వేలి ముద్రలు. దీని మీద ముద్ర లేదు, తాపీతో నున్నగా గీసినట్టుంది. చేత్తో తీస్తే అంచు పొడిలా రాలింది. రాలిన పొడిలో ఒక చిన్న ఎర్రటి పెంకు. పూలకుండీ పెంకు.

"నాన్నా."

వచ్చి చూశాడు. వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

"ఇది మన కందకంలో మట్టి కాదు," అన్నాడు.

నలభై తొమ్మిదిని నింపింది ఏమీ తెలియని పిల్ల. యాభై ఒకటిని నింపినవాడికి ఖాళీ గడి అంటే ఏంటో బాగా తెలుసు. నాకు ఊరట కలిగింది. ఒక్క అరక్షణం. తప్పు నా ఒక్కదానిదే కాదని. అది కలిగినందుకు మళ్ళీ నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోను మోగింది. పెద్దసారు. ఆదివారం ఆయన ఫోను చెయ్యడం నా సర్వీసులో ఇదే ప్రథమం. స్పీకరు నొక్కాను.

"ఏమ్మా, రిపోర్టు అయిందా?" తేనె పూసిన గొంతు. "పెట్టె నువ్వు తీసుకెళ్ళావటగా, స్టోరు కీపరు చెప్పాడు. ఇంటికెందుకమ్మా అంత బరువు? నీకు పై అరతోనే కదా పని. కింది అర కదపకు, పాత ముద్దలు, పొడైపోతాయి."

నా చేతిలో పసుపు పొడి.

నేను నోరు తెరిచేలోపు నాన్న ఫోను లాక్కున్నాడు. సైటులో గడ్డం రాని సూపర్‌వైజర్నయినా మీరు అనేవాడు ఆయన. పెద్దసారు వస్తే మెషిను దిగి నిలబడేవాడు. ఆ మనిషి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నా వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు.

"యాభై ఒకటి తవ్వించానన్నావు కదరా. నా కూతురి వేలి సంగతి కడుపులో పెట్టుకుని, ఆ ఒక్క మాట మీదే కదా నేను నోరు మూసుకుంది."